మా బావ నడక

సర్పంచి ఎన్నికల హడావిడి మొదలైన దగ్గర నుంచి నా సెల్‌ఫోను ఒక్క గడియ ఊరుకుంటే ఒట్టు. రిటైరైన కండక్టర్లమూ డ్రైవర్లమూ కలిసి పెట్టుకున్న గ్రూపు ఒకటుంది. మామూలు రోజుల్లో అందులో పొద్దున్నే పువ్వుల బొమ్మలూ, దేవుడి ఫోటోలూ, మోకాళ్ల నొప్పులకు ఏ నూనె రాసుకోవాలో చెప్పే సందేశాలూ తప్ప ఇంకేమీ రావు గానీ, ఎన్నికలంటూ వచ్చాయంటే ముసలాళ్లందరికీ పూనకం వచ్చినట్టే, ఒకరిని మించి ఒకరు వీడియోలు పంపుకుంటారు. నేను సగం చూడను. జగిత్యాలలో మా ఇంటి ముందరి అరుగు మీద కూర్చొని, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకొని, వచ్చినవి వచ్చినట్టే తుడిచేస్తూ ఉంటాను. అట్లా తుడుస్తుండగా ఒకనాడు ఒక వీడియో దగ్గర నా వేలు ఆగింది.

కోరుట్ల దగ్గరి ఏదో ఊళ్లో, పంచాయతీ ఆఫీసు ముందర, నలుగురైదుగురు యువకులు వీధినాటకం ఆడుతున్నారు. తెల్ల చొక్కా తొడిగి నల్లద్దాలు పెట్టుకున్నవాడు లీడరు, కర్రకు తువ్వాల కట్టి జెండాగా పట్టుకొని వాని ముందు నడిచేవాడు ఇంకొకడు. లీడరు దారి పొడుగునా ఆ బిల్డింగు ఎవరిదిరా, ఈ ట్రాక్టరు ఎవరిదిరా అని అడుగుతుంటే జెండావాడు మీదే అన్నా, మీదే అన్నా అంటూ పోతున్నాడు. చివరికి లీడరు కాలు రోడ్డు మీది గుంతలో పడి, మరి ఈ గుంత ఎవరిదిరా అంటే, జెండావాడు చేతులు కట్టుకొని, గది మాదన్నా అన్నాడు. జనం గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వనండీ, దాదాపు నలభై ఏళ్ల కింద ఆ మాట కట్టింది నేనే. అప్పుడు అది 'అన్నా' కాదు, 'దొరా', అంతే తేడా. నా మాట ఇంకా ఊళ్లలో బతికే ఉందని సంబరపడి, వీడియో మళ్లీ మొదటి నుంచి పెట్టాను. అప్పుడు కనిపించింది, ఆ జెండావాడి నడక. ఒక కాలు ఈడుస్తూ, నడుము ఒక పక్కకు ఒరగేసి, జెండా కర్రనే ఊతంగా పట్టుకొని ఎగిరెగిరి పడుతున్నాడు. ఆ నడక నాది కాదు, మా బావది. ఫోను బోర్లా పెట్టేశాను.

నా ఈడు వాళ్లకు ఆ రోజుల గురించి వివరంగా చెప్పనక్కర లేదు. తాలూకాలు పోయి మండలాలు కొత్తగా వచ్చాయి, ఏ ఆఫీసు ఎక్కడుందో తెలియక జనం కాగితాలు పట్టుకొని తిరుగుతుండగానే మండలాధ్యక్షుల ఎన్నికలు వచ్చి నెత్తిన పడ్డాయి. పట్నం పోయి స్థిరపడ్డ దొరలు కొందరు మూతపడ్డ గడీల తాళాలు తీయించి, గోడలకు సున్నాలు వేయించి, మళ్లీ ఊళ్ల మొహం చూశారు. మా మండలంలోనూ అట్లాగే ఒక దొర నిలబడ్డాడు. ఆయన మీద పోటీకి దిగినవాడు ఒక దర్జీ, మా చిన్నాయినకు ప్రాణస్నేహితుడు. జీపులూ మైకులూ అతనికి ఎక్కడివి, అతని దగ్గర ఉన్నదల్లా ఒక కుట్టు మిషనూ, మా చిన్నాయినా.

చిన్నాయిన అంటే మా నాయినకు తమ్ముడు. చిరుతల ఆటలో చిన్నప్పటి నుంచీ వేషాలు కట్టినవాడు. వయసులో రాజు వేషం వేసేవాడట, పొట్ట పెరిగిన కొద్దీ రాక్షసుడి వేషానికి మారాడని మా అమ్మ ఆయన ముందరే నవ్వేది. ఆయన ఆరుగురిని పోగు చేసి, ఒక డప్పూ, నాలుగు గొంగళ్లూ, గొర్రె బొచ్చుతో చేసిన ఒక దొర మీసమూ సంపాదించి, ఎన్నికలకు ఒక ఆట కట్టాడు. సైకిళ్ల మీద పోయేవాళ్లం. డప్పూ గొంగడీ కనబడితే ఆ రోజుల్లో పోలీసులకు వేరే అనుమానాలుండేవి, నక్సలైట్ల పాటల దళమేమోనని. కోరుట్ల రోడ్డు మీద ఒకసారి ఆపి సంచి బోర్లించమన్నారు, మీసం తప్ప ఏమీ దొరకలేదు. ఆ జమేదారు మీసాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తన మూతి మీద ఒకసారి పెట్టుకొని, తిరిగి ఇచ్చి పంపాడు. ఆ ముచ్చట చెప్పుకొని వారం రోజులు నవ్వుకున్నాం.

నేను ఆ జట్టులో ఎందుకు చేరానంటే, చేయడానికి మరో పని లేక. మాది కల్లు గీసే ఇల్లు. నాయిన పొద్దూమాపూ చెట్లెక్కేవాడు, నాకేమో మూడు నిలువులు ఎక్కితే కళ్లు తిరిగేవి. మోకు నడుముకు చుట్టి చెట్టు దగ్గర నిలబెడితే కాళ్లు వణికేవి, నాయిన నలుగురిలో తిట్టేవాడు. అప్పుడు నా పక్షాన మాట్లాడింది ఒక్క మా బావ. మా అక్క మొగుడు. కోరుట్ల పక్కన ఊరు. చెట్టెక్కడంలో ఆయన అంత వాడు చుట్టుపక్కల లేడు, చూస్తుండగానే చిటారుకు చేరేవాడు, పైనుంచి నాకు ముంజలు కోసి వేసేవాడు. మా నాయిన నన్ను తిడుతున్న ఒకనాడు అడ్డం వచ్చి ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది: "వాడు చెట్టెక్కడు మామా, ఇడిసిపెట్టు. వానికి నోరున్నది. నోటితోనే బతుకుతడు." ఆ తర్వాత నాయిన నన్ను చెట్టెక్కమనలేదు.

ఆ బావ ఒక ముసురు పూట చెట్టు మీది నుంచి పడ్డాడు. చెట్టు తడిసి ఉంది, మోకు జారింది. ప్రాణం దక్కింది గానీ కుడి కాలు తుంటి దగ్గర విరిగి, కట్టు కట్టినా వంకరగానే అతుక్కుంది. గీత పని చేసేవాడికి కాలు పోతే ఇంకేం మిగిలింది చెప్పండి. దొర గడీ బావ వాళ్ల ఊళ్లోనే, చెట్లన్నీ ఆయన పట్టా భూమిలోవి. దొర మనిషి ఒకడు దయ తలిచి, ఎక్కలేకపోతే మానె, కూర్చొని కల్లు పొయ్యి అని, కల్లు అమ్మే మండువ దగ్గర చోటిచ్చాడు. అందుకని ఎన్నికలప్పుడు జెండా పట్టుకొని మా ముందు నడువు అని దొర మనుషులు అన్నప్పుడు, కాదనడానికి మా బావకు నోరెక్కడిది. కుంటి కాలుతో మండలం అంతా దొర జీపు ముందర నడిచాడు. మా అక్క బీడీలు చేసేది, ఇద్దరు చిన్నపిల్లలు, ఆ కల్లు మండువే ఇంటికి ఆధారం.

ఇక మా ఆట సంగతి. చిన్నాయినకు ఒక కట్టడి ఉండేది. పొద్దున్నే ఒకరం ఆ ఊరికి ముందుగా పోయి, హోటల్లో చాయ తాగుతూ, మంగలి దగ్గర కూర్చొని, ఊరి ముచ్చట్లన్నీ చెవిన వేసుకొని రావాలి. పొద్దుగూకక ముందు ఆట మొదలయ్యేసరికి ఆ ఊరి బోరింగూ, ఆ ఊరి బడి గోడా ఆటలో ఉండాలి. ఎవని మీద నవ్వుతున్నామో వాడి ఊళ్లోనే, వాడి ముందరే ఆడాలి, చాటుగా నవ్వేది నవ్వు కాదని అనేవాడు. ఆట పండిందో లేదో తెలుసుకోవడానికి కూడా ఆయనకొక కొలత ఉండేది. మా దిక్కు ఆడవాళ్లు ఆటకొచ్చినా, పేరంటానికి పోయినా ఒళ్లో బీడీల చాట ఉండాల్సిందే. ఆకు తీయడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం, కళ్లు ఎటున్నా చేతులు వాటి పని అవి చేసుకుంటూ పోతుంటాయి. చప్పట్లు నమ్మకుర్రి, ఆ చేతులను చూడుండ్రి అనేవాడు చిన్నాయిన. బీడీలు చుట్టే చేతులు ఆగాయంటే ఆట పండినట్టు, ఆగకపోతే మనం కట్టింది దండుగ. నటన గురించి ఆ తర్వాత ఎందరో ఏమేమో చెప్పగా విన్నాను గానీ, ఇంతకు మించిన మాట ఎవరూ చెప్పలేదు.

చిన్నాయినే దొర, మీసం పెట్టుకొని. నేను దొర ముందర జెండా పట్టుకొని నడిచేవాణ్ణి. పదేళ్ల తర్వాత ఊరికొచ్చిన దొరకు తన ఊరే దారి తెలియదు, అడుగడుగునా నన్ను అడుగుతాడు. గీ బావి ఎవలదిరా, మీదే దొరా; గా మామిడితోట, మీదే దొరా; గీ గుంత, గది మాది దొరా. మాట బాగానే ఉందని అందరూ అన్నారు, మొదటి రెండు ఊళ్లలో నవ్వారు కూడా, కానీ ఆడవాళ్ల చేతులు మాత్రం ఆగలేదు. మూడో ఊళ్లో, నడుస్తూ నడుస్తూ, నా కుడి కాలు దానంతట అదే ఈడ్చుకుపోయింది. నడుము ఒరిగింది. నిజం నడకకు ఇంకొంచెం వేగం పెట్టి ఎగిరెగిరి వేశాను. ఒక్కసారిగా చాటల మీద చేతులన్నీ ఆగిపోయాయి.

ఆ మొదటి రోజు దానంతట అదే వచ్చిందని నేను చాలా ఏళ్లు అందరికీ చెప్పుకున్నాను, అది అబద్ధం కాదు. కానీ రెండో రోజు నాకు తెలుసు. తెలిసే చేశాను. చిన్నాయినకూ తెలుసు, బావ నడక ఆయన మాత్రం ఎరుగడా. తిరుగుదారిలో సైకిలు తొక్కుతూ, అది ఉంచు, దాని మీదనే ఆట నిలబడ్డది, ఎన్నికలు అయిపోయినంక బావకు మనమే పోయి చెప్పుకుందాం, ఆయన ఏమనుకోడు అన్నాడు. నేనూ సరే అన్నాను. మనం నవ్వేది దొరను చూసి కదా, దొర ముందు వంగే బానిస నడకను చూసి కదా, బావను చూసి కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఇరవై రెండేళ్ల వాడికి అట్లాంటి మాటలు బాగా దొరుకుతాయి.

బావ వాళ్ల ఊరి వంతు వచ్చింది. దొర ముందరే ఆడాలన్న కట్టడి ఉండనే ఉంది, ఆ ఊరు వదిలితే మేం భయపడ్డామంటారు. ఆ ఒక్క ఊళ్లో మాత్రం మామూలుగా నడుస్తానని పొద్దున లేచి అనుకున్నాను. ఇప్పటికీ నా మనసుకు నేను ఇచ్చుకోగలిగిన సాక్ష్యం అదొక్కటే. పంచాయతీ ఆఫీసు ముందర జాతరకొచ్చినట్టు జనం. ముందర ఆడవాళ్లు చాటలతో, వాళ్లలో మా అక్క. ఆ రోజు దొర జీపు వేరే ఊరికి పోయింది, అందుకని బావ కూడా వచ్చి, ఆఫీసు మెట్ల మీద, అందరికంటే ముందు కూర్చున్నాడు. బామ్మర్ది ఆట చూడాలని వచ్చాడు మరి. నేను మామూలుగానే మొదలుపెట్టాను. బావి అయింది, తోట అయింది, జనం ఊరికే చూస్తున్నారు, చేతులు ఆడుతూనే ఉన్నాయి. చిన్నాయిన మీసం కింది నుంచి నా దిక్కు కోపంగా చూశాడు. ఆట చల్లబడుతోందంటే వేషగాడి ఒంట్లో ఎంత మంట పుడుతుందో ఆడినవాళ్లకే తెలుసు. కుడి కాలు ఈడ్చాను.

అందరికంటే ముందు నవ్వింది మా బావే. మీరు నమ్మకపోవచ్చు. పొట్ట పట్టుకొని నవ్వాడు. ఎవరి నడక వారికి ఎట్లా తెలుస్తుంది, తన నడక తాను చూసుకున్న మనిషి ఉంటాడా. పక్కనున్నవాళ్లు నన్నొకసారి, ఆయన్నొకసారి చూడటం మొదలుపెట్టారు, ఒకరు చూసి ఇంకొకరికి సైగ చేశారు, అట్లా అట్లా జనం తలలన్నీ మెట్ల వైపు తిరిగాయి. అప్పుడు అర్థమైంది ఆయనకు. నవ్వు ఒక్కసారిగా పోలేదు, మొహం మీద కాసేపు అట్లాగే ఉండి, మెల్లమెల్లగా పోయింది. లేచి పోతాడేమోననుకున్నాను. లేచి పోవాలంటే అంతమంది ముందర నడవాలి కదా. నడవలేక అక్కడే కూర్చున్నాడు, ఆట మొత్తం అయిపోయే దాకా, జనం అంతా ఇళ్లకు పోయే దాకా.

అంతమంది ఆడవాళ్ల చేతులు ఆగిన ఆ గడియలో ఆగనివి రెండే చేతులు. మా అక్క తల వంచుకొని, ఆకు తీసి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మళ్లీ ఆకు తీసి, బీడీల మీద బీడీలు చేస్తూనే ఉంది. అన్ని ఊళ్లు తిరిగి నేను ఎదురుచూసింది చేతులు ఆగడం కోసం. ఆనాడు ఆ రెండు చేతులూ ఆగకపోవడం చూశాక, నా నోట మిగిలిన మాటలు ఎట్లా వచ్చాయో నాకు తెలియదు.

ఆ సాయంత్రం మా అందరి తిండీ అక్క ఇంట్లోనే. ఏ ఊళ్లో చుట్టముంటే ఆ ఇంట్లో తినడం మా ఆనవాయితీ, పొద్దున్నే కబురు పెట్టి ఉంచాం, పాపం ఏడుగురికీ వండి పెట్టింది. బావ ఇంకా రాలేదు. అక్క అందరికీ విస్తర్లు వేసింది, వడ్డించింది, చల్లారకముందే తినమని చిన్నాయినతో మెల్లగా చెప్పింది. నా విస్తట్లో పప్పు పోస్తూ, నా మొహం చూడకుండా, నాకే వినబడేట్టు అన్నది: "నీ నోటికి మీ బావనే కనవడ్డడా తమ్మీ." అంతే. ఆ తర్వాత పదకొండేళ్లు మా అక్క నాతో మాట్లాడలేదు. తిని బయటకొచ్చాక మేం పంచాయతీ ఆఫీసు ముందు నుంచి కాకుండా, చుట్టు తిరిగి ఇంకో దారిలో సైకిళ్లు తొక్కుకుంటూ పోయాం, బావ ఇంకా అక్కడే కూర్చొని ఉన్నాడని మాకు తెలుసు కాబట్టి. ఇంకొక మాట కూడా చెప్పాలి, సిగ్గుచేటైనా సరే. ఆ తర్వాత ఎన్నికలయ్యేలోగా ఇంకా తొమ్మిది ఊళ్లలో ఆడాను, తొమ్మిదింట్లోనూ అదే నడక నడిచాను.

దర్జీ గెలిచాడు. మేం డప్పు కొట్టుకుంటూ ఊరేగాం. గెలిచినవాడు తర్వాత ఏం చేశాడంటారా, మంచివాడే పాపం, మండలాఫీసులో కుర్చీ దొరికింది గానీ పని దొరకలేదు, రోడ్డు మీద గుంతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. దొర గడీకి తాళం వేసుకొని పట్నం పోయాడు. పోయే ముందు, మా పరువు తీసింది నీ బామ్మర్దే కదా అని, బావను కల్లు మండువ దగ్గర నుంచి లేపేశారు. గెలిచిన పక్షానికి బావ దొర మనిషి, ఓడిన పక్షానికి నా మనిషి. ఊళ్లో పిల్లలు వెనక నుంచి నడక పట్టి నడిచేవాళ్లట, కల్లు తాగడానికి కూర్చున్న పెద్దవాళ్లు గుంత ఎవలదని అడిగేవాళ్లట. వాళ్లకు అది ఆటే, కాదనను. ఆరు నెలలు తిరక్కుండా మా అక్కా బావా పిల్లలను తీసుకొని, మూటాముల్లె సర్దుకొని సిరిసిల్ల పోయారు.

గీత తప్ప ఇంకో పని తెలియని మనిషి సాంచాల ఊళ్లో ఏం చేస్తాడు. మర మగ్గాన్ని అక్కడ సాంచా అంటారు, దాని ముందర పూట పూటంతా నిలబడి అటూ ఇటూ తిరగాలి, ఆ కాలితో అది అయ్యే పనేనా. కూర్చొని నూలు కండెలు చుట్టే పనిలో చేరాడు, ఎక్కువగా ఆడవాళ్లు చేసే పని అది. నాకు ఆ తర్వాత కండక్టరు ఉద్యోగం దొరికింది. నోటితోనే బతుకుతాడని బావ అన్న మాట అట్లా నిజమైంది, ముప్పై ఏళ్లు టికెట్, టికెట్ అని అరుస్తూ బతికాను. సిరిసిల్ల డ్యూటీ పడ్డప్పుడల్లా వాళ్లింటికి పోయేవాణ్ణి. అక్క చెంబుతో నీళ్లిచ్చేది, చాయ పెట్టేది, మాట మాత్రం లేదు. బావ మాత్రం ఏ రోజూ మొహం ముడుచుకోలేదు, ఏం బామ్మర్దీ, ఎట్లున్నవ్ అనే పలకరించేవాడు, ఆ ఆట ఊసు ఎన్నడూ ఎత్తలేదు. చాలా ఏళ్ల తర్వాత గానీ నాకు ఒక సంగతి తట్టలేదు. నేను పోయేసరికి ఆయన ఎప్పుడూ కూర్చొనే ఉండేవాడు. నేనున్నంతసేపు లేచేవాడు కాదు, నీళ్లు కావాలన్నా పిల్లలను పిలిచేవాడు, నేను వెళ్తానంటే కూర్చున్న చోటు నుంచే చేయి ఊపేవాడు. ఆ రోజు మెట్ల మీద కూర్చున్నవాడు, నా ముందర మళ్లీ ఎన్నడూ నడవలేదు.

మా అమ్మ పోయిన రోజు అక్క నా చేయి పట్టుకొని ఏడ్చింది, అక్కడ నుంచి మళ్లీ మాటలు కలిశాయి. బావ పోయి అయిదేళ్లవుతోంది. క్షమించు బావా అన్న రెండు మాటలు, ముప్పై ఏళ్లు బస్సులో అరిచిన ఈ నోటికి ఆయన ముందర ఒక్కసారి కూడా రాలేదు. రేపు చెప్పొచ్చు, ఈసారి పోయినప్పుడు చెప్పొచ్చు అనుకుంటూనే కాలం గడిచిపోయింది.

అందుకే ఆ వీడియో చూసిన రోజున నా భయమంతా ఒక్కటే, ఇది మా అక్క కంట పడకూడదని. ఫోన్లో తిరిగేదాన్ని ఎవరు ఆపగలరు. మూడో రోజు ఫోను మోగింది, అక్క. మనవరాలు చూపించిందట. పాత కోపమంతా తిరిగి లేస్తుందని చెవులు మూసుకున్నంత పని చేశాను.

"సూసినవా తమ్మీ," అన్నది. "మీ బావ నడుస్తుండు."

గొంతులో కోపం లేదు. ఇంట్లో ఆయనది ఒకే ఒక ఫోటో ఉందనీ, అది కూడా పింఛను కార్డు కోసం తీసిందనీ, కూర్చున్న ఫోటో అనీ, మనిషి పోయాక కళ్లు మూసుకుంటే కూర్చున్న మనిషే కనబడుతున్నాడు గానీ నడిచే మనిషి కనబడటం లేదనీ చెప్పింది. ఇప్పుడు రోజూ అన్నం తిన్నాక మనవరాలితో ఆ వీడియో పెట్టించుకొని చూస్తోందట. మళ్లీ తనే అన్నది, ఆ పిల్లగాడు కాలు తప్పు పట్టిండు, ఎడమ కాలు ఈడుస్తున్నడు, ఆయనది కుడి కాలు కదా అని. నిజమే. నా తర్వాత మా జట్టులో ఆ వేషం ఎవరు కట్టారో, వారి నుంచి ఇంకెవరు నేర్చారో. ఎదురుగా నిలబడి చూసి నేర్చుకున్నవాళ్లకు కుడి ఎడమవుతుంది. పిల్లగాడికి ఆ నడకకు సొంతదారు ఒకడున్నాడని కూడా తెలిసి ఉండదు.

"నువ్వొకసారి రా," అన్నది అక్క. "నువ్వు నడిస్తే సూస్త."

మర్నాడే బస్సెక్కాను. వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరేదాకా, ఆ దారిలో ఎన్ని వేలసార్లు తిరిగానో లెక్క లేదు గానీ, దిగి తిరిగి పోదామని అనిపించింది ఆ రోజే. అక్క గోడకు ఆనుకొని చాప మీద కూర్చొని ఉంది. వేళ్లు వంకర పోయి బీడీలు మానేసి చాలా కాలమైంది, అయినా చేతులకు ఆ అలవాటు పోలేదు, ఒళ్లో చాట లేకపోయినా చీర కొంగును చుడుతూ, విప్పుతూ, మళ్లీ చుడుతూ ఉంటాయి. నేను అర్రలో ఆ గోడ దగ్గర నుంచి ఈ గోడ దాకా, కుడి కాలు ఈడుస్తూ నడిచాను. నలభై ఏళ్లు కావొస్తోంది, మర్చిపోయి ఉంటాననుకున్నాను, ఒక్క అడుగు వేయగానే ఒళ్లంతా దానికదే ఒరిగింది.

"మెల్లగ," అన్నది అక్క. "గంత తొందర యాడిది ఆయనకు."

ఆ తొందర నేను కలిపింది. ఆ ఎగిరెగిరి పడటం జనం నవ్వడానికి నేను కలిపింది. మా బావ ఎన్నడూ అట్లా నడవలేదు, కాలు నేల మీద ఆనించి, నొప్పి ఎంతుందో చూసుకొని, అప్పుడు రెండో కాలు తీసేవాడు. మెల్లగా నడిచాను. అట్లా నడిస్తే అందులో నవ్వడానికి ఏమీ లేదు. ఒక మనిషి ఇంట్లోకి నడిచి వస్తున్నాడు, అంతే. రెండోసారి తిరిగి వస్తూ చూశాను, కొంగు చుడుతున్న మా అక్క చేతులు ఆగిపోయి ఉన్నాయి.

వచ్చి చాప మీద పక్కన కూర్చొని, ఆ కోరుట్ల పిల్లగాణ్ణి ఎట్లాగైనా పట్టుకొని ఆ నడక మానుకోమని చెప్పనా అని అడిగాను. వద్దన్నది. కుడి కాలని చెప్పు, మెల్లగ నడువుమని చెప్పు అన్నది. అట్లా నడిస్తే ఎవరూ నవ్వరక్కా అన్నాను.

"నవ్వకుంటె నవ్వకపోనీ," అన్నది.

ఇప్పటి ఆటలను నేను తప్పు పట్టను, పెద్దవాళ్లను నిలదీసి నవ్వే ధైర్యం మా కంటే వీళ్లకే ఎక్కువుందేమో కూడా. కానీ మేం ఆడినప్పుడు ఎవరి మీద ఆడామో వాళ్లు మెట్ల మీద కూర్చొని కనిపించేవాళ్లు, ఎదురుగా ఆడవాళ్ల చేతులు కనిపించేవి. కనిపించినా నేను ఆగలేదు, అది నా తప్పు, ఇక దిద్దుకోలేను. ఈ ఫోన్లలో ఆడే పిల్లలకు ఎవరూ కనిపించరు, ఎవరి నడక ఎవరింట్లో తగులుతుందో తెలియనే తెలియదు. ఆ పిల్లగాడి నంబరు సంపాదించడానికి రోజుకు ఇద్దరు ముగ్గురికి ఫోన్లు చేస్తున్నాను. దొరికాక ఫోన్లో చెప్పలేను, కోరుట్ల పోయి, ఎదురుగా కాకుండా వాడి పక్కన నిలబడి, నడిచి చూపించాలి.